ట్రే దించేదాకా

చావు ఇల్లయినా కడుపులు ఊరుకోవు కదా!

కరెంటు పోయి రెండో రోజు. ఆ ఇంట్లో ఉన్నదేమో కరెంటు పొయ్యి. నట్టింట్లో శవం, దాని చుట్టూ ఎక్కడెక్కడినుంచో వచ్చిన బంధువులు, ఆకలికి ఏడ్చే పిల్లలు. చనిపోయినవాడి భార్య గోడకు చేరగిలబడింది. పెత్తనమంతా ఆమె అన్నయ్యదే.

"కింది వాటాలో కొత్తగా దిగిన పెద్దావిడ దగ్గర గ్యాస్ ఓవెన్ ఉందట. అగ్గిపుల్లతో వెలిగించుకోవచ్చట" అన్నారెవరో.

"ఎవరూ, బావ మెట్లెక్కినప్పుడల్లా తలుపు సందులోంచి తొంగిచూసే ఆవిడేనా?" అంటూ అన్న పిండి గిన్నెతో కిందికి దిగాడు.

పెద్దావిడ తలుపు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి.

"కాస్త రొట్టెలు కాల్చి పెడతారా పిన్నిగారూ?"

"పెడతాను బాబూ. ఆ అబ్బాయిని ఒక్కసారి చూడనిస్తారా? ఆఖరి చూపు..."

"అయ్యో, దానికేం! ముందు రొట్టెలు కానివ్వండి. పిల్లలు అల్లాడిపోతున్నారు."

అది చిన్న ఓవెన్. ఒక ట్రే దించితేగానీ ఇంకోటి పట్టదు. ఆవిడ ఆ సెగలోనే నిలబడి ఒకదాని తర్వాత ఒకటి కాల్చి పైకి పంపింది.

చివరికి మెట్ల దగ్గరికొచ్చి కేకేసింది.

"బాబూ, ఇంకొక్క ట్రే ఉంది. దించగానే వస్తాను. ఆగుతారుగా?"

"ఆగుతాం, ఆగుతాం!"

ఆగలేదు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఇదే.

అంతా ముగించుకుని తిరిగొచ్చేసరికి ఆవిడ మెట్లమీద కూర్చుని ఉంది. ఒళ్లో ట్రే, చేతులనిండా పిండి.

"తీసుకెళ్లిపోయారా బాబూ?"

"కరెంటు లేదు, ఐసు దొరకదు. ఎంతసేపని ఉంచుతాం? అయినా బయటివాళ్లందరి కోసం ఆగితే అయినట్టే!"

ఆవిడ ట్రే అందించింది.

"పిల్లలకు పెట్టండి. చల్లారిపోతున్నాయి."

అప్పుడే చనిపోయినవాడి మేనత్త ఆటో దిగి ఏడుస్తూ వచ్చింది. మెట్లమీది మనిషిని చూసి నిలువునా కొయ్యబారిపోయింది.

"వదినా! నువ్విక్కడున్నావా?"

"వదినేమిటండీ? ఈవిడ కింద అద్దెకుంటోంది" అన్నాడు అన్న.

మేనత్త నెత్తి బాదుకుంది.

"ఇంట్లోంచి గెంటేసి, చచ్చిపోయిందని చెప్పి పిల్లాణ్ణి పెంచాడు మా అన్న. ఈవిడ వాణ్ణి కన్నతల్లి నాయనా!"