కాళ్ళకు నీళ్ళు

"మీ వీరుడికేముందయ్యా? కోపమొస్తే గుడారంలో కూర్చుని అలగడమేగా!" అన్నాడు జబ్దీ, ఆలివ్ గింజ ఉమ్మేస్తూ.

లైకోన్ నవ్వాడు. "మీవాడు మాత్రం? ఆడదాని ఒళ్ళో నిద్రపోయి జుట్టు గొరిగించుకున్నాడు."

అలెగ్జాండ్రియా రేవు పక్క వీధిలో, జబ్దీ ఇంటి ముంగిట్లో, ఎవరి పురాణాల వీరులు గొప్పని ఈ యూదుడికీ ఆ గ్రీకువాడికీ రోజూ ఇదే గొడవ. ఇవాళ మాత్రం జబ్దీ దిగులు మరిపించాలని లైకోన్ కావాలనే రెచ్చగొడుతున్నాడు. జబ్దీ కొడుకు ఓబేదు ఎక్కిన ఓడ నడిసముద్రంలో కాలిపోయిందని రేవంతా పుకారు.

"అవన్నీ ఎందుకు? ఎండన పడి వచ్చిన బాటసారికి ఎదురు పరిగెత్తి కాళ్ళకు నీళ్ళిచ్చాడు మా మూలపురుషుడు. మీలో ఉన్నాడా అలాంటివాడు?" అన్నాడు జబ్దీ.

"మా కథల్లో పరాయివాడికి కడుపునిండా పెట్టాకే పేరడుగుతారు. తెలుసుకో!"

అప్పుడే గుమ్మంలో ఎవడో నిలబడ్డాడు. మనిషి కన్నా ముందు కంపు వచ్చింది.

చేతుల తోలు ఊడి వేలాడుతోంది. పాదాల నుంచి చీము కారుతోంది. ఒళ్ళంతా ఈగలు.

"జబ్దీ గారిల్లు..." కాలిన పెదవుల మధ్య మాట ముద్దగా వచ్చింది.

"ఛీ ఛీ! లోపలికి రాకు, అంటు!" జబ్దీ లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఒక్క మాట..."

"నీ మాటా వద్దు, నువ్వూ వద్దు. పో!"

"పోరా, తిన్నది కక్కించేలా ఉన్నావు!" లైకోన్ ముక్కు మూసుకుని కర్రతో తోశాడు.

అతను కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. గడప రాతి మీద చీమూ నెత్తురూ కలిసిన అడుగులు మిగిలాయి.

అతిథుల కోసం గుమ్మం పక్కన పెట్టిన నీళ్ళ కూజా ఎత్తి, జబ్దీ గడపంతా కడిగాడు.

"ఇలాంటి దరిద్రులకు నా గుమ్మమే దొరికిందా!"

పొద్దు వాలేవేళకు, సముద్రంలోంచి కాపాడిన జాలర్లు ఓబేదును మంచం మీద మోసుకొచ్చారు. జబ్దీ భోరున ఏడుస్తూ కొడుకును వాటేసుకున్నాడు.

"నాన్నా, నేను లేవలేక, బతికే ఉన్నానని చెప్పమని ఒకాయన్ని ముందే పంపాను. వచ్చాడా?"

జబ్దీ కొడుకును వదిలి వెనక్కి జరిగాడు.

"రేవు గోడ కింద చచ్చిపడి ఉన్నాడు బాబూ," అన్నాడొక జాలరి. "నీకెలా చెప్పాలో తెలీక ఊరుకున్నాం."

"ఎవరతను?" అడిగాడు లైకోన్.

"పేరు తెలీదు మామా. ఓడ అంటుకుంటే, మండుతున్న చెక్కల మీద నన్ను భుజాన వేసుకుని నడిచాడు. ఆ కాళ్ళకు నీళ్ళయినా ఇచ్చావా నాన్నా?"

తన మీద తనకే రోత పుట్టి, జబ్దీ గడప వైపు చూశాడు.

కొడుకును మోసిన పాదాల గుర్తులను, ఆ పాదాలకు ఇవ్వాల్సిన నీళ్ళతోనే ఇందాక తనే కడిగేశాడు.