చెవిగింజ చెప్పని జవాబు

మనుషులందరూ చెవిలో గింజంత యంత్రం పెట్టుకు తిరిగే కాలం అది. ఎవరితో ఏం మాట్లాడాలో ఆ చెవిగింజే చెబుతుంది.

రంగుల ఫ్యాక్టరీలో పనిచేసే నూకరత్నం నలభై రెండేళ్ల వయసులో మళ్లీ డిగ్రీలో చేరదామని కాలేజీకి వెళ్లింది.

"అప్పట్లో చదువెందుకు మానేశారు?" అని ప్రిన్సిపాల్ అడిగాడు.

"కుటుంబ పరిస్థితులని చెప్పు," అంది చెవిగింజ. "నీ గొంతు వణుకుతోంది. ధైర్యం ముప్పై శాతమే ఉంది. వచ్చే ఏడాది రావడం మంచిది."

ఆరేళ్లుగా ప్రతి జూన్‌లోనూ అది ఆ మాటే చెబుతోంది. ఆమెకు ఒళ్లు మండింది. గింజను పీకి బల్ల మీద పడేసింది.

"మా నాన్న మాన్పించేడండి. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. ఇంక ఊరుకోను."

ప్రిన్సిపాల్ తన చెవిగింజ మీద వేలుంచి, అది చెప్పబోయే తర్వాతి ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాడు.

"దాన్నెందుకండీ అడుగుతారు? మీరడగండి!" అని అరిచింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. చెవి మీంచి వేలు తీసి, "ఏం చదవాలనుందమ్మా?" అన్నాడు.

"కెమిస్ట్రీ. పద్దెనిమిదేళ్లుగా నా చేతుల తోలు ఊడిపోతోంది. మా ఫ్యాక్టరీ రంగుల్లో ఏం కలుపుతున్నారని అడిగితే, నీకర్థం కాదులే అని సూపర్‌వైజరు నవ్వుతాడు."

ఆయన ఆ చేతులకేసి చూసి, దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. "సోమవారం తొమ్మిదింటికి క్లాసు," అన్నాడు.

"ఎనిమిదిన్నరకే వస్తాను," అంది నూకరత్నం, కోపం ఇంకా దిగకుండానే.