ట్యాంకు గొలుసుల రంగు

1999 ఎండాకాలంలో, భోజనాల వేళ, హైటెక్ సిటీలోని ఓ ఆఫీసులో మేనేజరు కిరణ్ పాల్ సెక్యూరిటీ గార్డు కిష్టయ్యను తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ యుద్ధట్యాంకు బొమ్మ ఉంది.

“ముప్పై ఏళ్ల నాటి కిట్ అండి. ముక్క ముక్కా అతికించడానికి మూడు నెలలు పట్టింది. మీరు డెబ్బై ఒకటి యుద్ధంలో ట్యాంకు నడిపారట కదా. అచ్చం అలాగే ఉందా?”

కిష్టయ్య వంగి చూశాడు. చక్రాల గొలుసులకు ఎర్రరంగు పూసి ఉంది.

“గిదేంది సార్?”

“రక్తమండి. ఇలాంటి బొమ్మల పోటీల్లో వీటికే ప్రైజు.”

కిష్టయ్య తల అడ్డంగా ఊపాడు. “ఎర్రగ ఉండది సార్. ఎండకు జరసేపట్లనే నల్లగయితది.”

కిరణ్ పాల్ ముఖం వెలిగిపోయింది. గబగబా నల్లరంగు సీసా మూత తీశాడు. “ఇలాంటివి ఏ పుస్తకంలోనూ దొరకవండి! ఎక్కడ ఎక్కువ పూయమంటారు? ముందేనా?”

ఆ నవ్వు మొహం మీద ఉమ్మేయాలనిపించింది కిష్టయ్యకు.

“ఎనక,” అన్నాడు.

“వెనకా? శత్రువు ఎదురుగా కదండీ ఉంటాడు?”

“శత్రువు కాదు సార్, మావోడే. ఎనక నిలవడి దారి చూపిస్తుండె. నేనే సూస్కోకుంట ట్యాంకు ఎనకకు తీసిన.”

కిరణ్ పాల్ కుంచె కింద పెట్టేశాడు. మెల్లగా అడిగాడు. “వాళ్లింట్లో ఏమన్నారండీ?”

“తుపాకి గుండు తాకి పోయిండని వాళ్లమ్మకు కార్డు రాసిన్రు సార్,” అన్నాడు కిష్టయ్య. “రాసింది నేనే.”