తెర వెనుక నాలుగు వాద్యాలు

"తెర ఎత్తి చూశావంటే డిబార్ చేస్తానప్పా!" అన్నారు ప్రొఫెసర్ అచ్యుతరామయ్య.

బాలరాజు బుద్ధిగా తలూపాడు. యూనివర్సిటీ సంగీత విభాగంలో ఈ ప్రాక్టికల్ ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. తార్నాకలో ఒక స్కూలు వాళ్లు మ్యూజిక్ టీచర్‌గా సోమవారం వచ్చి చేరమన్నారు. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం గోవిందా.

పరీక్ష వినడానికి చాలా సులువు. స్టేజీ తెర వెనుక విద్వాంసులు వాయిస్తారు. అది తీగ వాద్యమో, గాలి వాద్యమో, తోలు వాద్యమో, లోహపు వాద్యమో చెప్పాలి. అంతే! ఆ అంతేలోనే పాపం, బాలరాజుకి రెండేళ్లు పోయాయి.

తెర వెనుక "కుయ్‌య్‌య్"మని సాగింది.

బాలరాజు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "తీగ వాద్యం సార్. కమానుతోని వాయిస్తున్నరు."

"భేష్! ఆ గమకం విన్నావా? ముప్పై ఏళ్ల సాధన ఉంటే గానీ అంత ఏడుపు పలకదు."

తర్వాత "బుర్ర్... బూఁ" అంది.

"గాలి వాద్యం సార్. దమ్ము జర ఆగాగి వస్తున్నది."

"పెద్దాయన కదప్పా, పాపం."

మూడోది "దబ్ దబ్ దబదబ". బాలరాజుకు ధైర్యం వచ్చేసింది. "తోలు వాద్యం. మేక తోలు సార్!"

"మేకను కూడా పట్టేశావే!" ప్రొఫెసర్ గారు తొడ మీద తాళం వేయబోయి, అందక ఆగిపోయారు. "అబ్బ! ఏం లెక్కప్పా ఇది! నాకే చిక్కడం లేదు."

నాలుగోది "ఖణేల్"మంది. ఒక్కటే దెబ్బ.

"లోహం!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

అచ్యుతరామయ్య గారి కళ్లు చెమర్చాయి. ఇరవైకి ఇరవై వేశారు. సంతకం పెట్టారు. ముద్ర కూడా కొట్టేశారు. ముద్ర పడ్డాక ఇక మార్కులు మార్చడం ఎవరి తరమూ కాదు. బాలరాజు సంతోషం పట్టలేక ఆయన కాళ్ల మీద పడ్డాడు.

"నా కాళ్లెందుకు నాయనా? పోయి ఆ విద్వాంసులకు పెట్టుకో దండం!"

బాలరాజు లేచేలోపే తెర పక్కకు జరిపి, ఒక చేత్తో బకెట్, ఇంకో చేత్తో చీపురు పట్టుకుని స్వీపర్ పోచమ్మ బయటికొచ్చి, "బల్లలు గుంజి, నల్లా ఇప్పి, చాపలు దులిపి లోపలంత కడుగుడైంది సార్, వాయించేటోళ్లు పొద్దట్నుంచి బయటనే కూసున్నరు, ఇగ రమ్మంటరా?" అంది.