బయటి తాళం

కుట్టుమిషన్ల షెడ్డు తలుపుకు లోపలివైపు పొద్దున్నే కొత్త రంగు వేశారు. రేపటి నుంచి రాత్రి షిఫ్టు. లోపలివాళ్లు బట్ట ఎత్తుకుపోకుండా బయట తాళం వెయ్యమని మేనేజరు కాపలాదారుకు తాళంచెవి ఇచ్చాడు.

"వద్దు నాయనా," అంది ఊడ్చే ముసలమ్మ. "నా చిన్నప్పుడు ఇక్కడే నిప్పంటుకుంది. అప్పుడూ బయట తాళమే. మా అమ్మ లోపలే ఉండిపోయింది."

మేనేజరు నవ్వేశాడు. "ఏనాటి గోల అది! ఇప్పుడెవడికి గుర్తుంది?"

తాళం సరిగ్గా పడుతుందో లేదోనని ఆ రాత్రి కాపలాదారు ఖాళీ షెడ్డుకు వేసి చూశాడు. పడింది. వెనక్కి తిరిగాడో లేదో, లోపల్నుంచి ఎవరో తలుపు తట్టారు. మెల్లగా, ఆగి ఆగి.

తాళం తీసి టార్చి వేశాడు. లోపల పురుగైనా లేదు. తలుపు మీద మాత్రం, ఎప్పుడో ఆరిపోయిన రంగులో, అరచేతుల అచ్చులు దిగబడి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, కింద గడప దాకా.

జేబులో ఫోను మోగింది. చెల్లెలు.

"అన్నయ్యా, నన్ను పనిలోకి తీసుకున్నారు! రేపు రాత్రే మొదలు. తాళం నువ్వే వేస్తావంటగా? ఇంక నాకేం భయం!"

అతని గుప్పిట్లో తాళంచెవి కాలుతోంది.