పన్నెండో సేనాని

నాన్న తర్వాత ఆ పాత చిత్రపటాల దుకాణాన్ని అక్కాతమ్ముళ్లే నడుపుతున్నారు.

గోడ మీద పన్నెండు మంది సేనానుల పటాలు. పదిహేడో శతాబ్దంలో రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చు తీసినవని పేరు.

ఒక ముసలాయన వచ్చి భూతద్దంతో అన్నీ చూసి, చివరిదాని దగ్గర ఆగిపోయాడు.

"ఇది పాతది కాదమ్మా. అయినా నాకిచ్చేయండి. మీరు చెప్పిన ధరే ఇస్తాను."

అక్కకు అనుమానమొచ్చింది. నకిలీ అంటూనే బేరమాడకుండా కొనేవాణ్ణి ఆమె ఎక్కడా చూడలేదు. విడిగా అమ్మనని చెప్పి పంపేసింది.

"ఊరికే రారు మహానుభావులు. ఆ బొమ్మలో ఏదో ఉందక్కా," అన్నాడు తమ్ముడు.

మర్నాడు ముసలాయన మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఎందుకు కావాలని గుచ్చి గుచ్చి అడిగితే తల దించుకుని వెనుదిరిగాడు. అతని గోళ్ల సందుల్లో సిరా నలుపు. ఆమె దాన్నీ తేడాగానే చూసింది.

నాలుగోసారి తమ్ముడు గుమ్మానికి అడ్డంగా నిలబడి, దొంగచూపులు చూసేవాళ్లకు ఇక్కడేం పని అన్నాడు.

ముసలాయన కోప్పడలేదు.

"పాతదని మాత్రం ఎవరికీ రాసివ్వకు తల్లీ. మాట పోతుంది," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ మాటకు ఆమెకు పంతం పెరిగింది. వారం తిరక్కుండా పన్నెండూ ఒకాయనకు అమ్మేసింది, అన్నీ అసలైనవేనని సంతకం పెట్టి మరీ.

రెండు నెలలకు ఆయన చివరి పటంతో తిరిగొచ్చాడు. కాగితం పాతదే గానీ సిరా కొత్తదని పరీక్షలో తేలిందట.

"మీ నాన్నగారి ముఖం చూసి కొన్నానమ్మా," అని దాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె పటాలు కట్టే మేస్త్రి దగ్గరికి పరుగెత్తింది. ముసలాయన ఆనవాళ్లు చెప్పి, ఎక్కడుంటాడని అడిగింది.

మేస్త్రి చేతిలో పని పక్కన పెట్టాడు.

"పోయిన వారమే కాలం చేశారమ్మా. చివరిదాకా అచ్చుపనే ఆయనది. వయసులో ఉండగా, చిరిగిపోయిన బొమ్మల బదులు కావాలని ఎవరో అడిగితే పది చెక్కి, పాత కాగితం మీద అచ్చు తీసిచ్చారు. వాటిని పాతవని అమ్ముతున్నారని తెలిసింది మొదలు, తన చేతిపనితో ఎవరూ మోసపోకూడదని ఊరూరా తిరిగి కొని చించేశారు. తొమ్మిది దొరికాయి, పదోదాన్నే ఎవరో ఇవ్వలేదట."