ఏటికి ఒక్కటే రేవు

"పద్నాలుగో అర ఖాళీగా ఉంది, హెడ్లీ," అంది మోరీన్.

హెడ్లీ ఆమె వెనకే వంగి చూశాడు. చర్చి హాలు బీరువాలో యుద్ధం ఆటకు పరిచే పలకలన్నీ నంబర్ల వారీగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ రెండడుగుల చదరం. ఒకదాని మీద కొండ, ఒకదాని మీద అడవి, ఒకదాని మీద ఏటి వంపు. ఎలా మార్చి పెట్టినా అంచులు కలుస్తాయి. నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన హెడ్లీ చేతిపని అది. ఏరు దాటే రేవు పలక మాత్రం కనపడలేదు.

అతను ఈసారి వారాల తరబడి సాగే దండయాత్ర ఆటకు గీసిన పటంలో ఏటికి రేవు ఒక్కటే. పటంలో గడి అంటే బల్ల మీద పలక. సైన్యాలు ఏ గడిలో ఎదురుపడితే ఆ పలక పరిచి పోరాడాలి.

"పలకల జాబితా చూసి గీశావన్నమాట. ఒక్కసారి బీరువా తెరిస్తే నీ సొమ్మేం పోయేది?" అంది మోరీన్. ఆమె క్లబ్బు కార్యదర్శి.

పటం నకళ్ళు సేనాపతులిద్దరికీ ఎప్పుడో పంపేశానని, ఇప్పుడు మారిస్తే మోసమంటారని హెడ్లీ గొణిగాడు. ఆ సేనాపతులు అతని కొడుకులే, డంకన్, రాస్. తల్లిని పూడ్చిన రోజున మాటా మాటా పెరిగి, రెండేళ్ళుగా ఒకరి గడప ఒకరు తొక్కడం లేదు. శనివారం శనివారం ఇక్కడికి వచ్చి, చెరో వైపు నిలబడి, తమ సైన్యం ఎటు కదలాలో రాసి, కవర్లో పెట్టి, ఆట నడిపే తండ్రికి ఇచ్చి పోతారు. ఈసారి ఆటలో ఏ తేడా వచ్చినా క్లబ్బు మానేస్తానని పెద్దవాడు డంకన్ ముందే చెప్పాడు. అదీ పోతే వాళ్ళిద్దరూ ఒక కప్పు కింద కనపడే చోటే ఉండదు.

డెర్బీ క్లబ్బు వాళ్ళ పలక అడుగుదామంది మోరీన్.

"వాళ్ళవి అరవై సెంటీమీటర్లు. సెంటీమీటరు సందు వస్తుంది."

"ఆ సందులో ఎవరు పడతారు?"

"డంకన్ పడతాడు. స్కేలు తెచ్చుకుని మరీ."

ఆ తర్వాత ప్రతి శనివారం కవర్లు విప్పగానే హెడ్లీ ముందు పటంలో రేవు గడికేసి చూసేవాడు. రెండు సైన్యాలూ మెల్లగా ఏటి వైపు జరుగుతున్నాయి.

"భయపడకు. ఇంకా కొండ మీదకి తిరగొచ్చు కదా," అంది మోరీన్ ఆరో వారం.

"తిరుగుతారంటావా?"

"రాస్‌కి కొండలంటే ప్రాణం. తిరిగి తీరుతాడు."

హెడ్లీ ముఖం ఇంకా పాలిపోయింది. ఆ వారమంతా అతనికి సరిగ్గా నిద్ర లేదు.

ఏడో శనివారం రెండు కవర్లలోనూ ఒకటే మాట ఉంది: రేవు.

బల్ల మీద పలకలు పరిచారు. నడిమధ్య రెండడుగుల మేర బోడి చెక్క కనపడుతోంది. కొడుకులిద్దరూ చెరో కొసన చేతులు కట్టుకుని తండ్రి వైపు చూశారు.

"ఇదేంటి నాన్నా?" అన్నాడు డంకన్. పలక లేదని తెలిసి కోటు అందుకున్నాడు.

గోడకున్న నియమాల కాగితంలో తొమ్మిదోది చదవమన్నాడు హెడ్లీ. ఐదో నియమం దాటి ఆ కాగితాన్ని చదివినవాళ్ళు ఎవరూ లేరు. మోరీన్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. పలక లేని చోట పోరు వస్తే, తలపడే ఇద్దరూ కలిసి ఆ పలక తయారు చేయాలి.

"నేనూ, వీడూనా?" అన్నాడు డంకన్.

"నియమం అదేరా."

నియమమంటే డంకన్ నోరు మెదపడు. కోటు మళ్ళీ తగిలించాడు. చెక్క, ఇసుక, జిగురు, రంగులు హెడ్లీ కారు డిక్కీలోంచే వచ్చాయి.

మొదటి గంటంతా గరుకు కాగితం చప్పుడే. మోరీన్ టీ కప్పులు రెండు కొసలా పెట్టి వెళ్ళింది. చివరికి రాస్ ఉండబట్టలేకపోయాడు.

"నీలం వేస్తావేంటి? మన ట్రెంటు నది ఎప్పుడన్నా నీలంగా ఉందా?"

డంకన్ కుంచె ఆపాడు. "అమ్మ దాన్ని టీ నీళ్ళనేది."

"పాలు తక్కువైన టీ."

డంకన్ గోధుమరంగు డబ్బా తమ్ముడి వైపు జరిపాడు. ఆరు కొట్టేసరికి గులకరాళ్ళు ఎక్కడ అంటించాలో వాదించుకుంటున్నారు. ఆ వాదన తెగక, అలాగే కోట్లు వేసుకుని, చేపా చిప్సూ తిందామని కలిసే బయటికి నడిచారు.

హెడ్లీ ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని బూట్లు విప్పాడు. రెండేళ్ళకు గుండె తేలికపడింది. కళ్ళు తుడుచుకుని కాళ్ళు వెనక్కి జరిపాడు.

మంచం కింది పద్నాలుగో పలక మడమకు తగిలింది.